ఇంటి పని ఆగకుండా చిన్న చిన్న సాహసాలకు వేళ చేసుకోవడం ఎలా?

“పొద్దున లేచింది మొదలు పడుకొనే దాకా పనే సరిపోతుంది, ఇంక మేము ఎక్కడికి పోతాం?” అని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాఠకులు, ముఖ్యంగా ఇల్లాళ్లు, మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు ఊళ్ల పేర్లు చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు. చూడదగిన చోట్లు అందరికీ తెలిసినవే. దొరకనిది వేళ మాత్రమే. అందుచేత ఇక్కడ ముందు వేళ సంగతి, ఆ తర్వాతే చోటు సంగతి చెబుతున్నాను.

చిన్న సాహసం అంటే నా ఉద్దేశం ఇది: రెండు గంటల నుంచి ఆరు గంటల లోపల ముగిసి, రాత్రి బయట పడుకోవలసిన అవసరం లేకుండా, మీరు ఇంతకు ముందు చేయనిదై, కాళ్లకో కళ్లకో కొంచెం పని చెప్పే ప్రయాణం. బంధువుల ఇంటికి పోవడం, బజారుకు పోవడం దీని కిందికి రావు.

కావలసినవి

వారం రోజుల పనులు రాసుకోవడానికి ఒక తెల్ల కాగితం, ముహూర్తాలు, పండుగలు చూపే గోడ క్యాలెండర్, మీ ఊరి బస్టాండులో రాసుకొని తెచ్చుకున్న బస్సు వేళలు, ఎప్పుడూ సర్ది ఉంచే ఒక సంచి, మీరు లేని ఆ కొన్ని గంటలు ఇంటిని చూసే ఒక మనిషి. మహిళలకు తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి గుర్తింపు కార్డు కూడా తప్పనిసరి. 2023 డిసెంబర్ 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతటా జీరో టికెట్ మీద తిరగవచ్చు. డీలక్స్, లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు, రాష్ట్ర సరిహద్దు దాటితే అక్కడి నుంచి చార్జీ కట్టాలి. చార్జీ డబ్బుల కోసం ఎవరినీ అడగవలసిన అవసరం లేకపోవడం ఇల్లాలి విషయంలో చిన్న సంగతి కాదు.

1. వారం రోజులు పనులను గంటలతో సహా రాయండి

నిజంగా రాయండి, మనసులో లెక్క వేసుకుంటే ప్రతి గంటా నిండినట్టే కనిపిస్తుంది. నల్లా నీళ్లు వచ్చే వేళ, పాలవాడు వచ్చే వేళ, పిల్లల డబ్బాలు సర్దే వేళ, బడి బస్సు వచ్చే వేళ, పెద్దవాళ్లు గోలీలు వేసుకొనే వేళ, బర్లు ఉన్నవాళ్లు పాలు పిండే వేళ, ట్యూషన్ వేళ అన్నీ అందులో రావాలి. వారం చివర ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని, ఏ పని ఖచ్చితంగా ఆ గంటకే జరగాలో, ఏ పని ముందుకో వెనక్కో జరపవచ్చో రెండు రంగుల పెన్నులతో గుర్తు పెట్టండి. నల్లా వేళ మన చేతిలో లేదు, బట్టలు ఉతికే వేళ మన చేతిలో ఉంది. చాలా ఇళ్లలో జరపరాని పనులు పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది మధ్య గుంపుగా పడి ఉంటాయి. తక్కిన గంటలు నిండినట్టు కనిపించేది జరపదగిన పనులతోనే.

2. ఒక వేళను ఎంచుకోండి, ఆదివారాన్ని మాత్రం వదిలేయండి

ఆదివారం సెలవు అని అందరూ దాని మీదనే ఆశ పెట్టుకుంటారు. ఇల్లాలికి అది సెలవు కాదు: తలస్నానాలు, మటన్ కూర, మధ్యాహ్నానికి వచ్చే చుట్టాలు, వారమంతా వాయిదా పడ్డ పనులు, అన్నీ ఆనాడే. అందుకని కింది మూడింటిలో మీ ఇంటికి కుదిరేది చూసుకోండి.

మొదటిది తెల్లవారు వేళ. ఉద్యోగాలు చేసేవారికి, ఎండాకాలంలో అందరికీ ఇదే మేలు. మే చివర మన ప్రాంతంలో 5.40 ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది కాబట్టి ఐదున్నరకు బయలుదేరి ఎనిమిదికి ఇంట్లో ఉండవచ్చు. జనవరిలో 6.45 దాటితే గాని పొద్దు పొడవదు, కాబట్టి ఆ నెలలో ఈ వేళ మీద ఆశ పెట్టుకోకండి.

రెండవది బడి వేళ, అంటే పిల్లలు బడికి పోయిన తర్వాత తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా. ఇంట్లోనే ఉండే ఇల్లాలికి వారంలో నిజంగా ఖాళీ చేయగలిగిన వేళ ఇదేనని, దీన్నే అందరూ మరిచిపోతున్నారని నా అభిప్రాయం. రెండు పూటలా పాలు పిండే ఇళ్లకు కూడా ఇదే కుదురుతుంది. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఇది చక్కగా పనికి వస్తుంది. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా మాత్రం వద్దు. నల్లగొండ ఎండకు పదకొండు గంటల వేళ గుట్టమీద ఉండడం సాహసం కాదు, ప్రమాదం.

మూడవది రెండో శనివారం సగం దినం. భార్యాభర్తలిద్దరూ, పిల్లలూ కలిసి పోవాలనుకుంటే ఇది.

వ్యవసాయం చేసే ఇళ్లవారు వారాలను కాదు, నెలలను చూసుకోవాలి. నాట్ల కాలంలోనూ, పత్తి ఏరే కాలంలోనూ ఏ లెక్కా నిలవదు. పత్తి చేతికి వచ్చి, సంక్రాంతి దాటిన తర్వాత శివరాత్రి లోపల ఉన్న రోజులు మీవి అనుకోండి. వరి ఉన్నవారు యాసంగి నాట్లు ముగిసేదాకా ఆగాలి.

3. తిరిగి వచ్చే గంటను ముందు రాయండి

ఈ పద్ధతికి ప్రాణం ఈ మెట్టే. ఎక్కడికి పోదాం అని మొదలుపెడితే చోటు పెద్దదవుతూ పోతుంది, చివరికి అందరం కలిసి ఎండాకాలం సెలవుల్లో పోదాం అనే మాట దగ్గర ఆగిపోతుంది. ఎన్ని గంటలకు ఇంట్లో ఉండాలి అని మొదలుపెడితే చోటు తానే తేలుతుంది.

ఒక ఉదాహరణ తీసుకోండి. మీరు నల్లగొండ పట్టణంలో ఉన్నారు, శనివారం పది గంటలకు ఇంట్లో ఉండాలి. లెక్కకు అరగంట తగ్గించి తొమ్మిదిన్నర అనుకోండి. ఆ అరగంట పంక్చరుకో, దొరకని ఆటోకో, దారిలో కనిపించి మాట్లాడే చుట్టానికో విడిచిపెట్టాలి. పాత గుళ్లున్న పానగల్లు పట్టణానికి దాదాపు నాలుగు కిలోమీటర్లు. తొమ్మిది దాటగానే అక్కడ బండి తీయాలి. అక్కడ రెండు గంటలు కావాలి కాబట్టి ఏడు గంటలకు చేరాలి, ఆరూ నలభైకి గడప దాటాలి. అంటే పాలు కాచడం, టిఫిన్ పిండి రుబ్బడం, పిల్లల బట్టలు తీసి పెట్టడం ముందు రాత్రే అయిపోవాలి. ఇట్లా వెనక నుంచి ముందుకు లెక్క కట్టినప్పుడు ఏ పని అడ్డం వస్తుందో మూడు రోజుల ముందే తెలుస్తుంది.

బస్సు మీద పోయేవారు పోయే బస్సును కాక తిరుగు బస్సును మొదట చూసుకోవాలి. పల్లెవెలుగు బస్సు ఒకటి తప్పితే తర్వాతది గంటన్నరకు రావచ్చు. అందుకని మీరు ఎక్కదలచిన బస్సు ఆఖరిది కాకుండా, దాని వెనక ఇంకొకటి ఉండేట్టు చూసుకోండి.

4. పనిని పేరు పెట్టి అప్పగించండి

“మీరంతా చూసుకోండి” అని చెప్పిపోతే ఎవరూ చూసుకోరు, తిరిగి వచ్చేసరికి గిన్నెలు సింకులోనే ఉంటాయి. ఏ పని, ఎవరు, ఎన్ని గంటలకు అనేది కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. చెప్పే మాట కూడా సూటిగా, పనికి సరిపడా ఉండాలి. ఉదాహరణకు ఇట్లా చెప్పవచ్చు: “అత్తమ్మా, శనివారం పొద్దున పది దాక నేను ఇంట్ల ఉండ. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌ల ఉంటది, చట్నీ చేసి పెడ్త. చిన్నోడు ఎనిమిదింటికి లేస్తడు, పాలు వెచ్చచేసి ఇస్తే చాలు. నీ బీపీ గోలి డబ్బా టీవీ మీద పెట్టిన, మర్వకు.” ఇందులో బతిమాలడం లేదు, ఎదురుమాట లేదు, ఎక్కడికి ఎందుకు అన్న పెద్ద కథా లేదు. ఎక్కడికి పోతున్నారో మాత్రం తప్పకుండా చెప్పండి. అది అనుమతి కోసం కాదు, మీ క్షేమం కోసం.

భర్తకు అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆయన చేసిన పనిని వచ్చి మళ్లీ చేయకండి. దోసె మాడినా, చిన్నదానికి జడ వంకరగా వేసినా ఊరుకోవాలి. తప్పులు ఎంచితే మరుసటిసారి ఆయన ఆ పని పట్టరు. అట్లాగే ఆయనకూ, అత్తగారికీ, ఇంట్లో ఎదిగిన పిల్లలకూ తమ తమ వేళ ఉండాలి. ఒక్కరే ప్రతిసారీ బయటికి పోయి, ఒక్కరే ప్రతిసారీ ఇల్లు చూస్తుంటే ఈ ఏర్పాటు రెండు నెలలు కూడా నిలవదు.

ఇంట్లో అప్పగించడానికి మనిషే లేకపోతే పక్కింటివారితో వంతులు పెట్టుకోండి: ఈ వారం వాళ్ల పిల్లలు మీ దగ్గర, వచ్చే వారం మీ పిల్లలు వాళ్ల దగ్గర. మంచం పట్టిన పెద్దవాళ్లు ఉండి కదలలేని ఇళ్లవారి కోసం ఆరవ మెట్టు చివర వేరే దారి చెప్పాను.

5. సంచిని ఒకసారి సర్ది, అట్లాగే ఉంచండి

మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు, టోపీ లేదా తలకు చుట్టుకొనే తువ్వాల, టార్చిలైటు, ఒక చిన్న చాకు, దూది, టించరు, ఓఆర్ఎస్ పొట్లాలు, పాలిథిన్ కవరు, కొంత నగదు. నీటిని ఇంటి నుంచే తీసుకుపోవాలని గట్టిగా చెబుతున్నాను; నల్లగొండ జిల్లాలో బోరు నీటిలో ఫ్లోరైడ్ సంగతి మనకు తెలియనిది కాదు, గుట్ట కింద కనిపించిన చేతిపంపు నీరు తాగి లాభం లేదు. తిండికి జొన్న రొట్టె, పల్లి చట్నీ లేదా పులిహోర చాలు. వేయించిన అటుకులు సంచిలో వారం ఉన్నా చెడవు. సాహసం కోసం ప్రత్యేకంగా వంట మొదలుపెట్టారంటే మీ వేళ వంటింట్లోనే కరిగిపోతుంది. పూరీలు, కూర, పాయసం సర్దుకొని పోయేది పిక్నిక్, దానికి వేరే రోజు చూసుకోండి.

చెప్పులు కాక బూట్లు వేసుకోండి. చీర కట్టుకొని గుట్ట ఎక్కకూడదని కాదు, మన అమ్మమ్మలు ఎక్కినవాళ్లే. అయితే కుచ్చిళ్లు పాదాల మీద పడకుండా ఎత్తి దోపుకోవాలి.

6. వేళకు, కాలానికి తగిన చోటు ఎంచుకోండి

నల్లగొండ వారికి పానగల్లుతో మొదలుపెట్టమని చెబుతాను. కందూరు చోడుల కాలపు పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు కట్ట, మూడూ ఒక్క పూటలో తిరగవచ్చు. ముందు కట్ట మీద నడవండి, పొద్దు బాగా ఎక్కిన తర్వాత ఛాయా సోమేశ్వరంలోకి పోండి. తెల్లవారు మసక వెలుగులో పోతే అక్కడి విశేషం అంతగా తెలియదు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ, స్తంభం నీడలాగా పడి ఉంటుంది. బయట సూర్యుడు జరుగుతున్నా అది పక్కకు జరగదు. అది ఏ స్తంభం నీడో చెప్పమని పిల్లలకు పందెం వేయండి. స్తంభాల మధ్య నిలబడి చేయి అడ్డం పెట్టి, గోడ మీద ఏం మారుతుందో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే అది ఏ ఒక్క స్తంభం నీడా కాదని, వరుస స్తంభాల సందుల గుండా పలు వైపుల నుంచి వచ్చే వెలుతురు రెండు పక్కలా పడి మధ్యలో మిగిలిపోయిన చీకటి అని వాళ్లకే తడుతుంది. పూజ జరుగుతున్నప్పుడు మాత్రం ఈ పరీక్షలు వద్దు. పట్టణంలోనే ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట రెండవ విడతకు పెట్టుకోండి.

మహబూబ్‌నగర్ వారికి పిల్లలమర్రి ఇంటి ముందరి చెట్టు లాంటిది. మూడెకరాల దాకా పరచుకున్న ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి కాపాడారు. పోయే ముందు లోపలికి ఎంతవరకు రానిస్తున్నారో కనుక్కోండి, ఊడలు పట్టుకొని ఊగవద్దని పిల్లలకు ముందే చెప్పండి. రైలు సరదా ఉన్నవారు మహబూబ్‌నగర్ నుంచి గద్వాల వైపు ప్యాసింజరు రైలులో పోతే దారిలో మన్యంకొండ, దేవరకద్ర, కురుమూర్తి స్టేషన్లు వస్తాయి, గద్వాలకు ముందు కృష్ణ వంతెన వస్తుంది. దిగి తిరుగు రైలు ఎక్కి వచ్చినా అది సాహసమే. మీరు కిటికీ పక్కన కూర్చొని నదిని దాటి ఎన్నేళ్లయిందో ఆలోచించండి. నల్లగొండ వైపు వారికి మిర్యాలగూడ మీదుగా విష్ణుపురం దాటాక కృష్ణ కనిపిస్తుంది. రైలు వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు చూసుకోవాలి.

వానాకాలంలో నీటి చోట్లు. ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తిన వార్త వినగానే అందరూ ఆ ఆదివారమే పోతారు, గంటల తరబడి బండ్లు ఆగిపోతాయి. బడి వేళ ఉన్నవారు మంగళవారమో బుధవారమో పోవచ్చు, కానీ నల్లగొండ నుంచి పోయి రావడానికే గంటలు పడుతుంది కాబట్టి సగం దినం ఏర్పాటు ఉంటేనే పోవాలి. వనపర్తి జిల్లాలో కొత్తకోట దగ్గరి సరళాసాగర్ చూడవలసిన చోటు: గేట్లు ఎత్తే మనిషి అక్కర లేకుండా, నీరు నిండు మట్టానికి రాగానే సైఫన్లు తమంతట తామే తెరుచుకొని నీటిని వదులుతాయి. చెరువు నిండినట్టు వార్త వచ్చిన రోజుల్లో పోతేనే అది కనిపిస్తుంది. ఇవేవీ కుదరకపోతే మీ ఊరి చెరువు అలుగు దుంకుతున్నదేమో చూసి రండి.

భాద్రపద అమావాస్యకు ముందు రోజుల్లో బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు పూల కోసం పోవడం మన ఇళ్లలో ఎవరినీ అడగకుండానే దొరికే సాహసం. పూలు బజారులో కొనడం మానేసి, తెల్లవారుజామున చేను గట్ల మీదికి పోండి. ఇంటి పనీ అయింది, మీ తిరుగుడూ అయింది. దసరా చుట్టుపక్కల గుట్టల మీద సీతాఫలాలు వస్తాయి. బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన రకం మన మహబూబ్‌నగర్ వైపుదే. అయితే ఆ గుట్ట ఎవరి పట్టానో, ఎవరు వేలం పాట పాడుకున్నారో అడిగి కోయండి. సంక్రాంతికి రేగుపండ్లు, ఎండాకాలం తెల్లవారుజామున తునికి పండ్లు ఇదే లెక్కన.

చలికాలం కోటలకు. దేవరకొండ వారికి రేచర్ల పద్మనాయకుల కోట ఊరి పక్కనే ఉంది. చౌటుప్పల్, భువనగిరి వైపు వారికి భువనగిరి కోట ఉంది. 500 అడుగుల ఎత్తున్న ఆ ఏకశిల మీదనే, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది. మెట్లు ఉన్నంత దూరం మెట్ల మీదనే పోండి. పై భాగంలో బండ నున్నగా ఉంటుంది, చిన్న జల్లు పడినా జారుతుంది.

నల్లమల చోట్లు, అంటే మల్లెల తీర్థం, ఉమామహేశ్వరం, ఫర్హాబాద్ వంటివి, అచ్చంపేట వారికి తప్ప మిగతావారికి చిన్న సాహసం కిందికి రావు. పూర్తి రోజు పడుతుంది. పోదలచినవారు శ్రీశైలం రోడ్డు అడవి భాగంలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను వదలరని గుర్తు పెట్టుకోవాలి. మల్లెల తీర్థానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, అన్నీ మళ్లీ ఎక్కాలి.

ఇల్లు కదలలేనివారికి మిద్దె ఉంది. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలుతాయి. రాత్రి పది తర్వాత దీపాలన్నీ ఆర్పి, చాప పరుచుకొని, దుప్పట్లు కప్పుకొని పడుకొని చూడాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లోపల ఫోన్ తెరిచారంటే మళ్లీ మొదటికి వస్తుంది. కింద పెద్దవాళ్లు పిలిస్తే వినబడే దూరంలోనే ఉంటారు. ఆనాడు నిండు వెన్నెల ఉంటే చిన్న ఉల్కలు కనిపించవు, కాబట్టి క్యాలెండర్‌లో పౌర్ణమి చూసుకోండి.

7. అక్కడికి చేరాక పాటించవలసినవి

నీళ్లలోకి దిగకండి. కృష్ణ వెనక నీళ్లు, సాగర్ ఎడమ కాలువ, పాత క్వారీ గుంతలు ఈ మూడూ ఈత వచ్చినవారిని కూడా మింగేవి. కాలువ సిమెంటు వాలు మీద పాచి పట్టి ఉంటుంది, ఒకసారి జారితే పట్టుకోవడానికి అంచు దొరకదు. కాళ్లు కడుక్కోవడానికని దిగడం కూడా వద్దు.

మబ్బు పట్టి ఉరిమితే గుట్ట పైభాగాన, ఒంటరి చెట్టు కింద నిలబడకండి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా గట్టి కప్పున్న భవనంలోనే ఉండండి. దామిని యాప్ ఫోనులో ఉంటే పిడుగు పడే సూచన ముందే వస్తుంది. బండల సందుల్లో చేయి పెట్టకండి. పాము కరిస్తే కట్లు కట్టకుండా, గాటు పెట్టకుండా, కరిచిన కాలును కదలనీయకుండా 108కు ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేరండి. మరే ఆపదకైనా 112. ఒంటరిగా పోయే మహిళలు చేరగానే ఒకసారి, బయలుదేరేటప్పుడు ఒకసారి ఇంటికి ఫోను చేసే అలవాటు పెట్టుకోవాలి. గుట్టల మీద సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ ఫోను కిందనే చేయండి.

రాసుకున్న గంట కాగానే తిరగండి, పైన ఇంకా పది మెట్లే ఉన్నా సరే.

8. వచ్చిన అరగంటలో ముగించండి

సీసాలు కడిగి బోర్లించండి, వాడిన ఓఆర్ఎస్ పొట్లం స్థానంలో కొత్తది పెట్టండి, సంచిని మేకుకు తగిలించండి. క్యాలెండర్ మీద తర్వాతి తేదీని ఆనాడే రాయండి. ఇల్లు చూసినవారికి ఏదో ఒకటి చేతిలో పెట్టండి, పావుకిలో జిలేబీ అయినా సరే.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటి విడతలోనే ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని పోవడం అన్నిటికంటే పెద్దది. పదిమంది బయలుదేరేసరికే ఎండ ఎక్కుతుంది. మొదట ఒక్కరు లేదా ఇద్దరు పోండి, తోవ తెలిసిన తర్వాత మిగతావారిని తీసుకుపోండి.

రెండవది, బజారు పనిని దీనిలో కలపడం. “ఎట్లాగూ పోతున్నారు కదా, వచ్చేటప్పుడు మిర్చి పట్టించుకొని రండి” అనే మాట ఇంట్లో తప్పక వస్తుంది. ఒప్పుకుంటే అది బజారు ప్రయాణమే అవుతుంది. ఆ పని సాయంత్రం చేస్తానని చెప్పండి.

మూడవది ఫొటోలు. స్టేటస్ పెట్టడానికి గంట పోతుంది, అది చూసి మమ్మల్ని పిలవలేదేమని చుట్టాల నుంచి నిష్ఠూరాలూ వస్తాయి. పెట్టాలనుకుంటే మరునాడు పెట్టండి.

ఇంట్లో అబద్ధం చెప్పి పోవడం కూడా కొందరు చేస్తున్నారు. గుడికి పోతున్నానని చెప్పి గుట్ట ఎక్కితే, ఏదైనా జరిగినప్పుడు మిమ్మల్ని వెతికేవారు గుడి దగ్గరే వెతుకుతారు.

సరిగా జరుగుతున్నదని తెలుసుకోవడం ఎట్లా?

ఆనాటి సాయంత్రమే మూడు సంగతులు చూసుకోండి: చెప్పిన గంటకు ఇంట్లో ఉన్నారా, జరపరాని పనుల్లో ఏదైనా తప్పిందా, రాత్రి పనులు మీకు ఎప్పటికంటే బరువయ్యాయా? ఒళ్లు నొప్పి లెక్కలోకి రాదు, కానీ మరునాటి పని కూడా నిలిచిపోయిందంటే చోటు మీ బలానికి మించింది. తర్వాతి విడతకు దూరం సగం చేయండి. పని తప్పిందంటే చోటు తప్పు కాదు, అప్పగింత తప్పు. కాగితం మీద ఆ పనికి ఎదురుగా పేరు ఉన్నదా లేదా చూడండి.

రెండు నెలలు గడిచాక గోడ క్యాలెండర్ ముందు నిలబడండి. నెలకు ఒకటి జరిగి ఉంటే చాలు, అంతకంటే ఎక్కువకు పోటీ పడకండి. ఇంట్లో ఇంకొకరు తమ వేళను అడిగారంటే ఏర్పాటు బాగా కుదిరినట్టు లెక్క. ఎప్పుడూ ఒకే పని గురించి సణుగుడు వినిపిస్తుంటే, ఆ పనిని అవతలివారి నెత్తిన వేయకుండా ముందు రాత్రే మీరు ముగించే దారి చూడండి.

పెళ్లిళ్ల నెలలో, పరీక్షల నెలలో తేదీ తప్పడం మామూలే. అట్లా తప్పినప్పుడు తేదీని కొట్టివేయకుండా పక్కనే కొత్త తేదీ రాయాలి, కుదిరితే ఆ వారమే అరగంట పని, అంటే మీరు ఎన్నడూ నడవని వీధి గుండా చెరువు కట్ట దాకా పోయి రావడం, చేయాలి. వరుసగా రెండు తేదీలు తప్పితే చోటును మార్చకండి, వేళను మార్చండి: తెల్లవారు వేళ నిలవకపోతే బడి వేళకు, బడి వేళ నిలవకపోతే రెండో శనివారానికి. మూడూ నిలవకపోతే మొదటి మెట్టు కాగితాన్ని మళ్లీ ఒక వారం రాయండి. ఈ మధ్యలో ఇంట్లో ఏదో ఒక పని గంట మారి ఉంటుంది.